తెడ్డును తుపాకీ చేశాను

నేను ముప్పై ఎనిమిదేళ్ళు పోయినవాళ్ళ మొహాలు కడిగాను. ఆ ఉద్యోగానికి రిటచర్ అని పేరు. యలహంక పాతపేటలో ఒక ఫొటో స్టూడియో వెనక గదిలో కూర్చుని, మచ్చలు చెరిపి, ముడతలు తీసి, బొట్టు దిద్ది, మీసం ఒత్తుగా చేసి, మనుషుల్ని వాళ్ళ బంధువులకు నచ్చేటట్టు తయారుచేయడం నా పని. తర్వాత కంప్యూటర్ వచ్చి ఆ పని ఊడగొట్టింది. అప్పుడు అవే పాత ఫొటోలు ముందు పెట్టుకుని ఈయన ఎవరు, ఏ యుద్ధానికి పోయాడు, తిరిగొచ్చాడా లేదా అని పాత రికార్డుల్లో వెతికిపెట్టే పనిలో పడ్డాను. అంటే సగం జీవితం నిజాన్ని చెరపడానికి పోయింది, మిగతా సగం చెరిపినదాన్ని వెతకడానికి పోయింది. రెండింటికీ జనం నాకు దండమే పెట్టారు.

ఇప్పుడు తాతల చరిత్ర వెతకడం ఫ్యాషనైంది. హూడి వైపు నుంచి సాఫ్ట్‌వేర్ పిల్లలు ఆదివారం పూట వచ్చి "ఆంటీ, ఈ పని మాకూ నేర్పండి" అంటున్నారు. ఏ స్కానర్ కొనాలి, ఏ వెబ్‌సైట్ చూడాలి అని అడుగుతారు. అవి నాకన్నా వాళ్ళకే బాగా తెలుసు. వాళ్ళకు తెలియంది ఏమిటంటే, ఈ పనిలో ఫొటోని నమ్మొచ్చు గానీ ఫొటో తెచ్చినవాణ్ణి నమ్మకూడదు. ఫొటో బాగుచేసిన మనిషిని అసలే నమ్మకూడదు. ఆ బాగుచేసిన మనిషిని నేనే కాబట్టి ఇది నేనే రాయాలి.

రుద్రప్ప స్కూలు

మా ఓనరు రుద్రప్ప కన్నడాయన. తెలుగులో మాట్లాడ్డం అంతంతమాత్రం గానీ తిట్టడంలో పండితుడు. చేరిన మొదటిరోజే నాకు రెండు ఆజ్ఞలు ఇచ్చాడు.

"ముక్కు మార్చు, మూతి మార్చు, బేకంటే తల మార్చు. చెవిని మాత్రం ముట్టొద్దు. మనిషి అడ్రసు ఆడ ఉండాది. ఇంకోటి, అసలు ఫొటో మీద కుంచె పెడితే చెయ్యి విరగ్గొడతా."

అసలు ఫొటోకి కాపీ నెగెటివ్ తీసి, ఆ కాపీ నుంచి వేసిన ప్రింటు మీదే పని చేయాలి. ఆ నెగెటివ్‌ను పేరు రాసిన కవరులో పెట్టి ట్రంకులో వేయాలి. పదమూడు ట్రంకులు అయ్యాయి. నేను కూర్చోవడానికి చోటు లేక ఒక ట్రంకు మీదే కూర్చుని పనిచేసేదాన్ని. ఆయన చాదస్తాన్ని రోజుకు రెండుసార్లు తిట్టుకునేదాన్ని.

అంత కచ్చితమైన మనిషి గిరాకీ ఏమడిగినా మాత్రం "ఆగత్తె, అవుతుంది" అనేవాడు. ఒకసారి ముగ్గురు అన్నదమ్ములు ఒకరికి తెలియకుండా ఒకరు వచ్చారు. వాళ్ళ ఇంటి గ్రూప్ ఫొటోలో అమ్మ పక్కన తనే నిలబడినట్టు చేయమని ముగ్గురూ అడిగారు. రుద్రప్ప ముగ్గురికీ సరే అన్నాడు. నేను ముగ్గురికీ చేసిచ్చాను. ముప్పై ఏళ్ళ తర్వాత వాళ్ళ మనవడు మూడు ఫొటోలూ తెచ్చి నా బల్ల మీద పరిచాడు. "ఆంటీ, ఇందులో ఒరిజినల్ ఏది?" అన్నాడు. ట్రంకులోంచి తీసి చూపించాను. ఒరిజినల్‌లో ఆ తల్లి పక్కన కొడుకులెవరూ లేరు. మేక ఉంది. ఆవిడ మేక మెడ మీద చెయ్యి వేసి, జీవితంలో అంత హాయిగా ఎప్పుడూ లేనట్టు నవ్వుతోంది.

గుండీ లేని వీరులు

రుద్రప్ప వాళ్ళ నాన్న రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సంతలో ఒక పాత మిలిటరీ కోటు కొన్నాడట. ఫొటో దిగడానికి వచ్చిన ప్రతి పడుచువాడూ అది తొడుక్కుని రొమ్ము విరుచుకుని నిలబడేవాడు. ఆ కోటుకు ఎడమ జేబు గుండీ లేదు.

నేను వెతుకులాట పనిలోకి వచ్చాక, మొదటి రెండేళ్ళలో ఐదు కుటుంబాలు "మా తాత బర్మాలో పోరాడాడు" అంటూ ఫొటోలు తెచ్చాయి. ఐదుగురు తాతలకీ ఎడమ జేబు గుండీ లేదు. ఒక ఇంట్లో ఆ తాతగారి భార్య ఇంకా బతికే ఉంది. ఆవిడ ఫొటోని ఎగాదిగా చూసింది.

"యుద్ధమా? ఈయనా? పిల్లి అడ్డమొస్తే మళ్ళీ ఇంట్లోకి వచ్చి నీళ్ళు తాగి పొయ్యే మనిషమ్మా. ఈ పక్కనుండే అత్తిబెలె దాటి ఎరగడు" అంది.

కాబట్టి పిల్లలూ, ముందు కోటును విచారించండి. మనిషి సంగతి తర్వాత.

నేను పెట్టించిన తద్దినం

నా తప్పులు కూడా చెప్పాలి. హిందూపురం నుంచి వచ్చి స్థిరపడ్డ ఒక కుటుంబంలో పెద్దాయన రామయ్య యుద్ధానికి వెళ్ళి తిరిగి రాలేదు. ఏ రోజు పోయాడో తెలియక వాళ్ళు ఎన్నడూ తద్దినం పెట్టలేదు. నేను రికార్డుల్లో రామయ్యను పట్టుకున్నాను. అదే తాలూకా, అదే వయసు. పోయిన రోజు కూడా రాసి ఉంది. పంచాంగం చూసి తిథి కట్టించాను. రెండేళ్ళు ఘనంగా పెట్టారు. మూడో ఏడు ఇంకేదో వెతుకుతుంటే ఇంకో రామయ్య దొరికాడు. వీళ్ళ తాత ఈయనే, ఎందుకంటే తండ్రి పేరు కలిసింది. మొదటి రామయ్య ఎవరో దారిన పోయే రామయ్య. తండ్రి పేరు చూడకుండానే నేను సంబరపడిపోయానన్నమాట.

సిగ్గుతో చచ్చిపోతూ వెళ్ళి చెప్పాను. ఆ ఇంటి యజమాని నాకు కుర్చీ వేశాడు.

"రెండేండ్లు మా ఇంట్లో తిన్నాడు పాపం. ఇప్పుడు పిలవకపోతే బేజారు చేసుకుంటాడు. ఉండనీలేమ్మా, ఇద్దరికీ పెడతాం" అన్నాడు.

ఇప్పటికీ ఇద్దరికీ పెడుతున్నారు. పరాయి రామయ్య తద్దినానికి నన్ను తప్పకుండా భోజనానికి పిలుస్తారు. గారెలు బాగుంటాయి. నేను తలవంచుకుని తిని వస్తాను.

వెంకటప్ప సర్కిల్

ఇక నేను రాయాలని కూర్చున్న సంగతికి వస్తాను. మా వీధిలోనే హరీష్ అని ఉన్నాడు. నలభై దాటాయి, ఇళ్ళ సైట్లు అమ్మిపెడుతుంటాడు, వార్డు ఎన్నికల మీద కన్నుంది. ఒకరోజు వాళ్ళ తాత వెంకటప్ప ఫొటో ఫ్రేముతో సహా మోసుకొచ్చాడు.

"ఆంటీ, తాత వార్ హీరో. చూడండి, మెడల్స్ ఉండాయి, చేతిలో గన్ ఉండాది. వీధి మూలకి ఆయన పేరు పెట్టించి, బొమ్మ నిలబెడతా. ఒక గవర్నమెంట్ పేపర్ కావల్ల అంతే. మీరే తెప్పించల్ల."

ఫొటో చూడగానే నా చేతిపని గుర్తుపట్టాను. ఆ మెడల్స్ నావి. పాతికేళ్ళ కిందట హరీష్ వాళ్ళ నాన్న ఆ ఫొటో తెచ్చి రెండు మెడల్స్ పెట్టమన్నాడు. చొక్కా మీద చోటు మిగిలిందని నేనే ఇంకో రెండు పెట్టాను. వెనకాల మసకమసగ్గా ఉన్న చెత్తంతా తుడిచేసి కొండలూ పొగా వేశాను. భుజానికి ఆనించి ఏదో వెలిసిపోయిన పొడుగు కర్ర కనిపించింది. తుపాకీ కాక ఇంకేముంటుందని దానికి గొట్టం, మడమ, తోలుపట్టీ అన్నీ దిద్దాను. ఆ పనితనానికి మురిసిపోయి రుద్రప్ప దాన్ని ఆరునెలలు షోకేసులో పెట్టుకున్నాడు.

వెంకటప్ప మాట మా వీధిలో అందరికీ తెలుసు. మెడలో దండ వేసి, డప్పులు, పలకలు కొట్టి పంపిస్తే యుద్ధానికి పోయాడు, నాలుగేళ్ళకు తిరిగొచ్చాడు. పోయేదాకా అరుగు మీద కూర్చుని "ఇటలీవాళ్ళకు కండ్లల్లో నీళ్ళు తెప్పించినా" అని చెప్పేవాడు. అందుకని నేనూ మెడల్స్ మాట ఎత్తకుండా, చూద్దాంలే అని హరీష్‌ను పంపించేశాను.

మర్నాడు వాళ్ళ మేనత్త నారాయణమ్మ వచ్చింది. వెంకటప్ప కూతురు, ఎనభై దాటిన మనిషి. సంచిలోంచి అవరేకాయలు, అదే అనపకాయలు, తీసి నా ముందు పోసి, తనే వొలవడం మొదలుపెట్టింది.

"హరీష్‌గాడు ఏమడిగినాడో నాకు అక్కర్లేదు తల్లీ. నాకొకటి చూసిపెట్టు. యుద్ధం మూడో ఏడు మా నాయన ఈ పక్కకు వచ్చినాడా, లేదా?"

"ఎందుకు పెద్దమ్మా?"

"నేను మా అమ్మ కడుపున పడింది ఆ ఏడే."

నా చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. ఆమె మాత్రం వొలుస్తూనే చెప్పింది. మొగుడు యుద్ధంలో ఉంటే వాళ్ళమ్మ ప్రతి ఆదివారం తలలో పూలు పెట్టుకుని, క్యారియరు పట్టుకుని పుట్టింటికని బయల్దేరేదట. పుట్టింటివాళ్ళేమో మా దగ్గరికి రాలేదనేవాళ్ళట. ఒకసారి పదిరోజులు కనిపించకుండా పోయిందట. ఆ తర్వాత కాన్పుకని ఒక్కతే ఆసుపత్రికి పోయి, నారాయణమ్మను ఎత్తుకుని వచ్చిందట. వీధి మొత్తం వేళ్ళు లెక్కపెట్టుకుంది. నాలుగిళ్ళ అవతలి గౌరమ్మ వాళ్ళ అత్త అయితే నీళ్ళ కొళాయి దగ్గర పేరు పెట్టి అనేదట. వాళ్ళమ్మ ఎవరికీ ఒక్క మాట బదులు చెప్పకుండానే పోయింది.

"మా నాయన నన్ను భుజం మీంచి దించలా. ఎవరి బిడ్డనో ఇంత ముద్దుగా సాకినాడే అని ఇన్నేండ్లు ఆయన ఫొటోకి దండం పెట్టుకుంటా ఉండాను. మా అమ్మతో మాత్రం నేను సరిగ్గా మాట్లాడింది లేదు. కడాన నీళ్ళు పోసేటప్పుడు గూడా మొగం పక్కకు తిప్పుకుని పోసినా. నేను పొయ్యేలోపల తెలియల్ల. లేదంటే లేదని చెప్పు, ఏడ్చుకుంటా. వాడికి మాత్రం చెప్పొద్దు."

ఒకే మనిషి గురించి ఇద్దరు అడిగారు. మేనల్లుడికి తాత దూరదేశంలో ఉండాలి. మేనత్తకు ఆయన దగ్గరలో ఉండాలి. నాకు ఆ వారం నిద్ర సరిగ్గా పట్టలేదు.

ట్రంకులో ఏముందంటే

రుద్రప్ప పోయాక ఎవరూ తీసుకోని ఆ ట్రంకులు మా ఇంటికే చేరాయి. తొమ్మిదో ట్రంకులో వెంకటప్ప కవరు దొరికింది. నెగెటివ్ స్కాన్ చేసి పెద్దది చేసి చూశాను. నేను పాతికేళ్ళ కిందట చెత్త అని తుడిచేసిన వెనక భాగంలో ఇటుకల పొయ్యి ఉంది. దాని మీద మనిషి పట్టేంత గుండిగలు రెండున్నాయి. పక్కన ఒక పొడుగాటి తెల్లవాడు పళ్ళెం పట్టుకుని పళ్ళికిలిస్తున్నాడు. గోడ మీద శిబిరం నంబరు ఉంది. వెంకటప్ప భుజానికి ఆనించుకున్నది అన్నం కలిపే తెడ్డు.

తెడ్డును తుపాకీ చేశాను నేను. దానికి తోలుపట్టీ కూడా పెట్టాను. నవ్వొచ్చింది, వెంటనే భయమేసింది. ఆ ముసలామె అడిగిన జవాబు ఇన్నేళ్ళూ నా దగ్గరే, నేను చెరిపిన చెత్తలోనే ఉంది.

ఇక్కడ పని నేర్చుకునేవాళ్ళకు ఒక మాట. అందరూ సిపాయిల జాబితాలు వెతుకుతారు. సైన్యమంటే తుపాకీ పట్టినవాళ్ళే కాదు, వంటవాళ్ళు, నీళ్ళు మోసేవాళ్ళు, కంచరగాడిదల్ని మేపేవాళ్ళు కూడా. వాళ్ళ జాబితాలు వేరే ఉంటాయి. వాటిని ఎవరూ అడగరు, తాత వంటవాడని ఒప్పుకోవడానికి ఎవరికీ మనసు రాదు. నేను శిబిరం నంబరు వేసి, వంటవాళ్ళ జాబితా అడుగుతూ సైన్యం రికార్డుల ఆఫీసుకు ఉత్తరం రాశాను. జవాబు లేదు. మళ్ళీ రాశాను. నాలుగో ఉత్తరానికి, ఎనిమిది నెలల తర్వాత ఆరు కాగితాల నకళ్ళు వచ్చాయి. ఈసారి తండ్రి పేరు ముందు చూశాను. కలిసింది.

వెంకటప్ప, వంటవాడు. ఇటలీ యుద్ధఖైదీల శిబిరం, జాలహళ్ళి.

యుద్ధంలో పట్టుబడ్డ ఇటలీ సైనికుల్ని ఇంగ్లీషువాళ్ళు తెచ్చి ఉంచింది అక్కడే. మా యలహంక నుంచి జాలహళ్ళి సైకిల్ తొక్కితే గంట. దండ వేయించుకుని, పలక కొట్టించుకుని, మనిషి అక్కడిదాకా పోయి ఆగాడు.

మిగతాదంతా వరసగా ఉంది. ఖైదీల వంటలో మిరపకాయలు వేసినందుకు హెచ్చరిక. మళ్ళీ వేసినందుకు మళ్ళీ హెచ్చరిక. ఇటలీవాళ్ళ కళ్ళల్లో నీళ్ళు తెప్పించానని ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. తర్వాత, ప్రతి ఆదివారం రెండు గంటలు భార్యను చూడ్డానికి వంటశాల వెనక గేటు దగ్గర అనుమతి. కింద ఆమె వేలిముద్ర. మూడో ఏడు పదిరోజుల సెలవు, భార్యతో తిరుపతి యాత్రకు. అది గడిచిన తొమ్మిది నెలలకు ఇంకో సెలవు. ఆ కాగితం అడుగున అధికారి తన చేత్తో రాసిన నాలుగు వాక్యాలు చదివి నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

నాలుగిళ్ళ అవతల

నారాయణమ్మను పిలిచి చదివి వినిపించాను. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగులో చెప్పాను. కాగితంలో లేని ఒక సంగతి కూడా, ఇది నా ఊహ అని ముందే చెప్పి, చెప్పాను. అంత సంబరంగా సాగనంపిన వీధికి జాలహళ్ళిలో వంట చేస్తున్నానని చెప్పుకోలేక, వెంకటప్ప పెళ్ళాం చేత ఒట్టు వేయించుకుని ఉంటాడు. ఆయన గొప్ప నిలబెట్టడానికి ఆవిడ తన పరువు పోగొట్టుకుంది. నాకు వెంకటప్ప మీద ఒళ్ళు మండింది. ఇప్పటికీ మండుతుంది. అంత మంచి తండ్రి, భార్యను వీధి తింటుంటే అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పాడు.

నారాయణమ్మ కాగితం తీసుకుని వాళ్ళమ్మ వేలిముద్ర మీద తన వేలు పెట్టింది. తర్వాత "అమ్మా" అంది. నన్ను కాదు. కొంగు నోట్లో కుక్కుకుని చిన్నపిల్లలాగా ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఇద్దరం మొహాలు కడుక్కున్నాక ఆమె లేచి చెప్పులు వేసుకుంది.

"పా తల్లీ. ఆ కాగితం తీసుకో."

"ఎక్కడికి పెద్దమ్మా?"

"గౌరమ్మ ఇంటికి. వాళ్ళత్త పోయింది, ఇదైనా వినల్ల. నా పెండ్లి చెడగొట్టేదానికి చూసింది ఇదే."

నారాయణమ్మ ముందు, నేను వెనక. మా చేతిలో కాగితం చూసి అంగడి దగ్గర నిలబడ్డ హరీష్ పరిగెత్తుకొచ్చాడు.

"ఆంటీ, పేపర్ వచ్చేసిందా? సీల్ ఉండాదా? అత్తా, ఉండు, ఉండు, వీడియో తీస్తా" అని ఫోను తీశాడు. అంతటితో ఊరుకోకుండా "రాండప్పా, తాత వార్ రికార్డు వచ్చిండాది" అని అంగడి ముందున్న నలుగుర్నీ వెంటబెట్టుకొచ్చాడు. నేను కాగితం మడిచి కొంగులో దాచబోయాను. నారాయణమ్మ మాత్రం "రానీ" అంది.

గౌరమ్మకు తొంభై. చెవుడు. చెవి మిషను పెట్టెలో భద్రంగా ఉంటుంది, అరిగిపోతుందని పెట్టుకోదు. వాకిట్లో కుర్చీలో కూర్చుని ఉంది.

"చదువు తల్లీ" అంది నారాయణమ్మ.

చదివాను. "వెంకటప్ప, వంటవాడు, జాలహళ్ళి."

హరీష్ చేతిలో ఫోను కిందికి దిగింది. "వంటాయనా? ఆంటీ, సరిగ్గా చూడండి. జాలహళ్ళీనా? మెట్రో పొయ్యే జాలహళ్ళీనా?"

"ఏందంట?" అంది గౌరమ్మ.

గొంతు పెంచి మళ్ళీ మొదలుపెట్టాను. ఎదురింటి కిటికీలు తెరుచుకున్నాయి. "అత్తా, మెల్లగా. పెద్ద గలాటా అవుతుంది, ఎలెక్షన్ ఉండాది" అని హరీష్ బతిమాలుతున్నాడు. మిరపకాయల దగ్గరికి వచ్చేసరికి అంగడాయన పగలబడి నవ్వాడు. ఆదివారం గేటు, వేలిముద్ర, తిరుపతి దగ్గరికి వచ్చేసరికి నవ్వులు ఆగిపోయాయి.

"ఏందో సరిగ్గా వినపడలా" అంది గౌరమ్మ.

మూడోసారి అరిచి చదివాను. ఎనభై ఏళ్ళ కిందట కొళాయి దగ్గర గుసగుసగా మొదలైంది ఆ పూట బజారు మొత్తం వినేట్టు ముగిసింది. చివరి నాలుగు వాక్యాలు ఇవీ:

"భార్య ప్రసవానికి ఇచ్చిన సెలవు నుంచి ఒకరోజు ఆలస్యంగా వచ్చాడు. కారణం అడిగితే, ఆడపిల్ల పుట్టింది, వదిలి రాబుద్ధి కాలేదు అన్నాడు. అనుమతి లేకుండా శిబిరం చక్కెరతో పాయసం వండి ఖైదీలందరికీ పంచాడు. హెచ్చరించడమైనది."

 హరీష్ ఫోను జేబులో పెట్టుకుని, వాళ్ళత్త మొహం వైపు కొత్తగా చూస్తున్నాడు. ఆమె ఏం మోసిందో వాడికి అప్పుడే తెలిసినట్టుంది.

గౌరమ్మ చెయ్యి చాపి నారాయణమ్మ చెయ్యి పట్టుకుంది. "వినపడిందే నారాయణీ. పాయసం వరకూ వినపడింది. తప్పయిపోయింది" అంది.

నారాయణమ్మ ఆ చెయ్యి విడిపించుకోలేదు. నా వైపు తిరిగింది.

"ఆమెకు వినపడిందిలే తల్లీ. ఇంకోసారి నాకోసరం చదువు."